కట్టమ్మ అడగని ప్రశ్న

మా పెద్దత్త కట్టమ్మ కొత్త మనిషిని పేరు అడగదు. ఊరూ అడగదు. తిన్నగా చావుల దగ్గర మొదలుపెడుతుంది. "మీ తాత పోయిననాడు ఎవలెవలు నెత్తి గొరిగిచ్చుకున్నరు బిడ్డా?" అంటుంది. ఎదుటివాళ్లు తెల్లబోతారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను కూడా తెల్లబోయి, ఈమెకు మతి సరిగ్గా ఉందా అని మా ఆయన మహిపాల్‌ను నిలదీశాను. ఆయన నవ్వి, "మా పెద్దమ్మ లెక్క గట్లనే ఉంటది" అనేసి మగ్గం గుంటలోకి దిగిపోయాడు. మొగుళ్లు చెప్పే జవాబులు ఎప్పుడూ ఇంతే.

తర్వాత తర్వాత ఆ లెక్క నాకే అర్థమయింది. ఇంటిపేరును పెద్దత్త నమ్మదు. "ఇంటిపేరుదేముందే, చేసే పనిని బట్టి ఒకలు పిలుస్తరు, రేషన్ కార్డుల ఇంకోటి రాస్తరు" అంటుంది. గోత్రం అడిగితే సగంమంది తడుముకుంటారు. మనిషి చెప్పే చుట్టరికాన్ని అసలే నమ్మదు. ఆమె నమ్మేది మైల ఒక్కటే. ఒకరు చనిపోతే పది రోజులు, ఆమె మాటలో పదొద్దులు, మైల పట్టినవాళ్లు పాలోళ్లు, అంటే ఒకే తండ్రి తాతల సంతానం. మూడొద్దులు పట్టింది అత్తారింటికి వెళ్లిన ఆడపిల్ల. తానం చేసి తిని వెళ్లిపోయినవాళ్లు వియ్యాలవారు, ఊరివాళ్లు. పోయినవాడి కంటే చిన్నవాడైన పాలివాడు మీసం తీస్తాడు, పెద్దవాడు తియ్యడు. "ఉత్తగనే ఎవడన్న మీసం తీసుకుంటడా? అబద్ధమాడేటోడు గూడ మీసం కాడ అబద్ధమాడడు" అనేది ఆమె మాట.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లు ఎన్ని ఉన్నాయో అన్నింటి చావులూ పెద్దత్తకు గుర్తే. డెబ్బై ఎనిమిదేళ్లు. చదువు లేదు. పొద్దంతా గుమ్మంలో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంది, చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే నోరు దాని పని అది చేస్తుంది. ఎవరింట్లో పెళ్లి మాట వచ్చినా, పిలుపులకు బయలుదేరాలన్నా ముందు మా గుమ్మం తొక్కాల్సిందే. అప్పుడు కండె పక్కన పెట్టి, కొంగు మూట విప్పుతుంది. అందులో చింతగింజలు, కుంకుడుగింజలు, గుప్పెడు బియ్యం ఉంటాయి. చింతగింజలు మగవాళ్లు. కుంకుడుగింజలు ఆడవాళ్లు. పెళ్లయితే కుంకుడుగింజ పుట్టింట్లోంచి లేచి వెళ్లి చింతగింజ పక్కన కూర్చుంటుంది. లేచిన చోట మాత్రం పెద్దత్త ఒక బియ్యపు గింజ పెడుతుంది. "పిల్ల పోయినా జాగ పోదు" అంటుంది.

ఒకసారి చేనేత సంఘం ఆఫీసుకు హరీష్ అని కొత్త గుమస్తా వచ్చాడు, పాపం కుర్రవాడు, నూలు లెక్క రాసుకోవడానికి మా ఇంటికొచ్చాడు. పది నిమిషాల్లో పెద్దత్త అతని ముత్తాత దాకా వెళ్లి తిరిగొచ్చి, "నువ్వు నాకు మేనల్లునివైతవు పోరగా, లోపలికి రా, అన్నం తిను" అంది. అతను తినే వచ్చానన్నాడు. ఆమె వింటేనా! ఇప్పటికీ ఆ హరీష్ మా వీధిలోకి వచ్చేముందు పస్తుండి వస్తాడు.

ఇదంతా చూసి నవ్వుకునేదాన్నే గానీ, ఆ గింజల్లో నా గింజను చూసినప్పుడల్లా నా నవ్వు ఆగిపోయేది. మహిపాల్ చింతగింజ పక్కన వినోద అనే కుంకుడుగింజ ఉంటుంది. దానికి వెనక ఎక్కడా బియ్యపు గింజ ఉండదు. పెద్దత్త నా వంతు రాగానే చెయ్యి ఒక క్షణం ఆపి, ఏమీ అడగకుండా పక్కదానికి వెళ్లిపోయేది.

నాది నెక్కొండ. మా నాయన మొండయ్య జంపఖానాలు భుజాన వేసుకుని ఊరూరా అమ్మేవాడు. అమ్మ నా మూడో ఏట పోయింది. నా పదహారో ఏట నాయనకు జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో ఆయనా పోయాడు. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. ఎదురింటి కిరాణా దుకాణం సావిత్రమ్మ దగ్గరుండి నాకు పెళ్లి చేసింది, ఆవిడ పోయి కూడా పన్నెండేళ్లయింది. అంటే నాకు పుట్టిల్లంటే నెక్కొండ రైల్వే స్టేషన్ బోర్డు మాత్రమే.

పుట్టిల్లు లేకపోతే ఏమవుతుందంటారేమో. ఒడిబియ్యం ఉండదు. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు మూడో ఏటనో ఐదో ఏటనో అన్న బియ్యం మోసుకొస్తాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ. పీట మీద కూర్చోబెట్టి వదినె ఒళ్లో పోస్తుంది. మా వీధిలో ఎవరికి ఒడిబియ్యం పోసినా, ఆ బియ్యం వండిన రోజు నన్ను భోజనానికి పిలుస్తారు. ఇరవై రెండేళ్లలో ఎంతమంది ఇళ్లలో తిన్నానో లెక్కలేదు. ఒక్కరిని తిరిగి పిలవలేదు. పిలవడానికి నా ఒళ్లో పడ్డ గింజ ఉంటే కదా! పైకి మాత్రం, "నాకెందుకమ్మా గీ తతంగాలు, నేను ఫ్రీగున్న" అని డాంబికాలు పోయేదాన్ని. ఎవరూ నమ్మలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఏడు వైశాఖంలో మేం రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నాం. గురువారం గృహప్రవేశం. ముందు శనివారం పొద్దున అందరం కొత్తింట్లోనే ఉన్నాం. పెద్దత్త గోనెసంచి మీద కూర్చుని ఎవరెవరిని పిలవాలో గింజలు పేరుస్తోంది. నేను జంపఖానా కుచ్చులు ముడివేస్తున్నాను. యాకయ్య గోడకు సున్నం వేస్తున్నాడు.

యాకయ్య గురించి చెప్పాలి. రంగుల యాకయ్య అంటారు. నూలుకు రంగులు అద్దడం వాళ్ల నాయన నాటి నుంచి వాళ్ల పని. మోచేతుల దాకా ఒకనాడు ఎరుపు, ఒకనాడు నీలం. ముఖం మీద మాత్రం ఎప్పుడూ నల్లటి గుబురు మీసం, దానికి రోజూ నూనె. మహిపాల్ తల్లీ యాకయ్య తల్లీ అక్కచెల్లెళ్లు, కాబట్టి వీళ్లిద్దరూ అన్నదమ్ములు, కాబట్టి అతను నాకు మరిది. వదినె మరదుల మధ్య పరాచికాలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? ఇరవై రెండేళ్లు నన్ను ఏడిపించని రోజు లేదు. ఒక హోళీనాడు నేను రంగు నీళ్ల బకెట్ మొత్తం అతని నెత్తిన గుమ్మరిస్తే, "వదినే, నా బట్టీల రంగు నా మీదనే పోస్తవా, కొత్త రంగు కొనుక్కరాపోయినవ్!" అన్నాడు.

ఆ రోజు కూడా కుంచె ఊపుకుంటూ, "వదినే, గీ చిన్న రూం నాకియ్యి. అన్న గురక పెడితే నువ్వు గిటు రావచ్చు, నేను కతలు చెప్త" అన్నాడు.

"నీ మొహానికి గొడ్ల కొట్టం ఎక్కువ" అన్నాను.

ఇంతలో మహిపాల్, పూజ చేయించే అయ్యగారు రాసిచ్చిన చిట్టా తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. మామిడాకులు, గుమ్మడికాయ, పాలు పొంగిచ్చే గిన్నె. తర్వాతి లైను దగ్గర చిట్టా మడవబోయాడు.

"చదువు, ఆగినవేంది?" అన్నాను.

"ఇంటి ఆడామె పుట్టింటి బట్టలు, ఒడిబియ్యం" అని మెల్లగా చదివాడు. "ఫికర్ చెయ్యకు. మా చెల్లెతోని పోయిద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ చెల్లె నాకు ఆడిబిడ్డ. ఆడిబిడ్డ ఒడిబియ్యం పోసుడు ఏడన్న చూసినవా? నలుగురు నవ్వాల్నా? ఆ లైను కొట్టెయ్యి. లేనోళ్లకు లేదు, అయిపాయె!" అని అరిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకుందామన్నా చేతుల నిండా దారాలు.

పెద్దత్త నా వైపు తిరిగింది. చేతిలోని కుంకుడుగింజను అటూ ఇటూ తిప్పింది.

"వినోదా, నీ పెండ్లప్పుడు అడగాల్సింది. తల్లీ తండ్రీ లేని పిల్ల, అడిగితే ఏడుస్తదని అడగలె. ఇప్పుడు ఎట్లాగో ఏడుస్తనే ఉన్నవు గద, అడుగుత. మీ నాయిన ఎన్నడన్న మీసం తీసిండా?"

నేను దారం వదిలేశాను. ఎందుకంటే తీశాడు. ఒక్కసారి.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఎవరో రైలు దిగి వచ్చి నాయనతో ఏదో చెప్పారు. నాయన నన్ను ఎత్తుకుని రైలెక్కాడు. ఎక్కడికి వెళ్లామో తెలియదు. నాకు గుర్తున్నది ఇళ్ల ముందు పారే మురుగు మోరీ. ఆ వీధి మోరీలో నీళ్లు ఎర్రగా, కాసేపటికి నీలంగా పారాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు పొద్దున మీసం లేని, జుట్టు లేని మనిషి ఎవరో వచ్చి నన్ను ఎత్తుకోబోతే, "నువ్వు మా నాయినవు గాదు" అని వీధంతా దద్దరిల్లేలా ఏడ్చాను. అది చెప్పాను.

"మీ తాత పోయినప్పుడా?"

"తాత నేను పుట్టకముందే పోయిండట."

"ఎన్నొద్దులున్నరు అక్కడ?"

"శానొద్దులు. ఇంటికొచ్చేసరికి మా పిల్లి వెళ్లిపోయింది. దానికోసం గూడ ఏడ్చిన."

గోడ దగ్గర సున్నం కుంచె చప్పుడు ఆగింది. యాకయ్య ఇటు తిరిగి నిలబడ్డాడు. ముఖంలో పరాచికం లేదు.

"మోరీ పక్కన కూసున్న పోరి..." అన్నాడు. "పెద్దమ్మా, మా నాయిన పదో దినం. నాకు పన్నెండేండ్లు. మంగలాయన కత్తి తీస్తే నేను భయపడి ఉరికిన. అప్పుడు ఒకాయన నన్ను పట్టుకొచ్చి, 'చూడు, ముందుగాల నేను తీయిచ్చుకుంట' అని నా ముందర కూసుండి మీసం గొరిగిచ్చుకుండు. నా వంతు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకొనే ఉండె. ఆయనెవరని మా అమ్మను ఎన్నిసార్లు అడిగిన! నెక్కొండాయన అనేది, అంతకంటే తెల్వదనేది."

పెద్దత్త కళ్లు మూసుకుంది. "ఐలయ్యకు చిన్నాయిన కొడుకునన్నడు. పాలోళ్ల బంతిల కూసుంటే అన్నం నేనే వడ్డించిన. ఆయన బిడ్డ, మా నాయిన గాదని ఏడుస్తాంటే బెల్లం ముక్క పెట్టిన. ఇన్నేండ్ల సంది ఇంట్ల కోడలై తిరుగుతాంటే గుర్తుపట్టలేదు చూడు, నా కండ్లు మండ!"

ఐలయ్య అంటే యాకయ్య తండ్రి. మా నాయన ఐలయ్య కోసం మీసం తీశాడంటే ఆయన కంటే చిన్నవాడు, పాలివాడు. అంటే ఐలయ్య నాకు పెద్దనాయిన. పెద్దత్త వంగి, యాకయ్య చింతగింజ పక్కన ఒక బియ్యపు గింజ పెట్టింది.

"ఇగో, నీ జాగ. యాకయ్య నీకు మరిది గాదు. అన్న."

ముందు తేరుకున్నది మా ఆయన. నవ్వబోయి మధ్యలో ఆగి, ముఖం అదోలా పెట్టాడు.

"ఆగు పెద్దమ్మా, ఆగు. యాకయ్య నాకు తమ్ముడు. గీమెకేమో అన్న. మరి నేను గీమెకు ఏమైత?"

నా అన్నకు అన్న అయినవాడు నాకు ఎవరవుతాడో లెక్క వేసుకుని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. పెళ్లీడుకొచ్చిన కూతురు ఉందమ్మా మాకు!

పెద్దత్త గింజలన్నీ చేత్తో కలిపేసింది. ఆమె అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు మొగనివే, పరేషాన్ గాకు" అంది. "తప్పు నాది. యాకయ్య తల్లి కొత్తగ ఈడికొచ్చినప్పుడు ఎవలూ తెల్వక బిక్కుబిక్కుమనేది. మీ అమ్మదీ ఆమెదీ ఏటూరునాగారం దిక్కు ఒక్కటే ఊరు. అక్కాచెల్లె అనుకోండ్రి అని నేనే కలిపిన. ఊరి వరస అది, రక్తం వరస గాదు. వాళ్లు గట్లనే బతికిండ్రు, గట్లనే పోయిండ్రు. మీరు నిజమనుకున్నరు. చెప్తే కట్టమ్మ గూడ ఉత్తగ వరసలు కడ్తదని అంటరని నేను నోరు మూసుకున్న. నా పెద్దరికం కాపాడుకున్న. గీ పిల్లకు మాత్రం అన్న లేకుంట చేసిన."

వీధి మొత్తం మీద ఎవరిచేతా తప్పు పట్టించుకోని మనిషి. తన తప్పు తనే ఒప్పుకుంటుంటే చూడలేకపోయాను. యాకయ్య వైపు చూశాను, ఏదైనా అంటాడని. ఏదో ఒక పరాచికం ఆడితే అందరం నవ్వేద్దామని. అతను కుంచె బకెట్లో పెట్టి, "మా చిన్నాయిన ఎప్పుడు పోయిండు?" అని అడిగాడు. ఇరవై ఆరేళ్లయిందని చెప్పాను. తలకాయ ఊపి, నా ముఖం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం రాలేదు. సగం సున్నం వేసిన గోడ అలాగే ఉంది. సోమవారం మహిపాల్ నన్ను పంపించాడు, పుట్టింటివాళ్లను పోయి బొట్టు పెట్టి పిలవాలన్నాడు. కుంకుమ భరిణె పట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. రోజుకు పదిసార్లు తిన్నగా లోపలికి వెళ్లే ఇల్లు, ఆ రోజు మాత్రం బయటే ఆగి పిలిచాను! యాకయ్య భార్య సుకన్య బయటికొచ్చింది. నేను కుంకుమ తీసి చెయ్యి చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇయ్యాల పెట్టించుకోను, ఏమనుకోకు. ఆయన గూడ ఇంట్ల లేడు" అంది. కూర్చోమని కూడా అనలేదు.

వేలి మీద కుంకుమ వేలి మీదే ఉండిపోయింది. ఇంటికి వచ్చి భరిణె విసిరికొట్టాను. "వదినె అంటే పరాచికాలకు పనికొచ్చిన! చెల్లె అనంగనే బియ్యం మొయ్యాల్సొస్తదని ఉరికిండు! నీ వరసలు నువ్వే పెట్టుకో, నా గింజను ఎక్కడుంటే అక్కడనే ఉండనియ్యకపోయినవ్" అని పెద్దత్త మీద విరుచుకుపడ్డాను. ఉన్న మరిదిని కూడా పోగొట్టుకున్నానని అప్పుడు నిజంగానే ఏడ్చాను. ఆమె "గురువారం రానియ్యి" అంది, కింద పడ్డ కుంకుమను కొంగుతో ఎత్తింది.

గురువారం పొద్దున పాలు పొంగాయి. హోమం అయింది. చుట్టాలు గోడల వెంట కూర్చున్నారు. పెద్దత్త పీట వేసి నన్ను కూర్చోమంది. "ఎందుకు, నలుగురి ముందర నగుబాటుకా?" అన్నాను పళ్లు కొరుకుతూ. "కూసో" అంది. ఆ గొంతుకు ఎదురు చెప్పలేం. కూర్చున్నాను.

గుమ్మంలో ఎవరో ముసలాయన బియ్యం సంచి భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. నెత్తి మీద రుమాలు. వెనక సుకన్య, చేతిలో కొత్త చీర, కుడుకల పళ్లెం. ఆ మనిషెవరో నాకు తెలియలేదు. తర్వాత సంచి పట్టుకున్న చేతులు చూశాను. మోచేతుల దాకా నీలం.

సంచి దించి రుమాలు తీశాడు. గుండు. గుబురు మీసం ఉండాల్సిన చోట తెల్లటి చర్మం.

"పాలివాని సావు ఆలస్యంగ తెలిస్తే మూడొద్దులు మైల పట్టాలె" అంది పెద్దత్త అందరికీ వినబడేలా. "శనివారం తెలిసింది, సోమవారంతోని తీరింది. నన్ను అడిగిండు, నేనే చెప్పిన. మైలల బొట్టు పెట్టించుకుంటరా ఎవలన్న?" అని నా వైపు తిరిగి, "ఆ ముచ్చట నీకు నేను చెప్పొద్దన్నడు. చెప్తే వద్దంటవట" అంది.

నేను వినడం లేదు. మీసం లేని ఆ ముఖాన్నే చూస్తున్నాను. ఆ పైపెదవి, ఆ గడ్డం కింద గుంట. ఆరేళ్లప్పుడు నన్ను ఎత్తుకోబోయిన ముఖం. అప్పుడు నాయన కాదని ఏడ్చాను. ఇప్పుడు నాయనే కదా అని ఏడుపు వచ్చింది, ఆపుకోవాలనిపించలేదు.

సుకన్య నా నుదుట బొట్టు పెట్టింది. యాకయ్య నా ముందు మోకాళ్ల మీద కూర్చుని సంచి మూతి విప్పాడు. ఏడిపిద్దామని చూశాడు, మాట దొరకలేదు. నాకూ దొరకలేదు. ఇరవై రెండేళ్ల మాటలన్నీ వేరే వరసవి. ఇద్దరూ కలిసి దోసిళ్లతో పోశారు. పసుపు బియ్యం చల్లగా ఒళ్లోకి జారుతుంటే బరువుకు కొంగు ఒక పక్కకు ఒరిగింది.

అతను గబుక్కున ఆ కొంగు అంచు అందుకున్నాడు.

"జర మంచిగ పట్టు చెల్లె" అన్నాడు, "గింజలు కిందపడుతున్నయి."